బొమ్మ ముందా, మోడల్ ముందా?

1. లక్కపిడతలు

పాత బొమ్మలు దాచుకునేవాళ్లూ, బట్టల చరిత్ర తవ్వేవాళ్లూ ఇద్దరూ ఈ ఫోరంలో ఉన్నారు కనక ఈ చర్చ ఇక్కడే మొదలుపెడుతున్నాను.

1967లో బార్బీని చేసే అమెరికా కంపెనీ మాటెల్, ట్విగ్గీ అనే మోడల్ పేరుతో ఒక బొమ్మను అమ్మకానికి తెచ్చింది. ట్విగ్గీ అసలు పేరు లెస్లీ హార్న్‌బీ, లండన్ నీస్డెన్ పేటలో పెరిగిన మామూలు ఇంటి పిల్ల. 1966 ఫిబ్రవరిలో డైలీ ఎక్స్‌ప్రెస్ పత్రిక ఆమె ఫొటో అచ్చేసి, ఈ ఏటి ముఖం ఇదే అని రాసేనాటికి ఆమెకు పదహారేళ్లు. మగపిల్లాడిలా కత్తిరించిన జుట్టు, కింది రెప్పల మీద గీసిన వెంట్రుకలు, సన్నటి ఒళ్లు. మరుసటి ఏడాది ఆమె న్యూయార్క్‌లో దిగితే విలేకరులు చుట్టుముట్టారు. ఆ ఏడాదే బొమ్మ కూడా వచ్చేసింది. బార్బీ కుటుంబంలో బతికున్న మనిషి పేరుతో వచ్చిన మొదటి బొమ్మ అదే.

మోడల్స్‌ను చూసి బొమ్మలు చేశారని అందరూ అంటారు. నాకు అది సగం కథే అనిపిస్తుంది. బట్ట కట్టుకుని చూపించే ఉద్యోగం మొదట బొమ్మదే, మనిషికి అది చాలా ఆలస్యంగా వచ్చింది.

14వ శతాబ్దం చివర్లోనే ఫ్రాన్స్ రాజాస్థానం నుంచి ఇంగ్లండ్ రాణికి కొత్త బట్టలు కట్టిన బొమ్మ వెళ్లింది. 17, 18 శతాబ్దాల నాటికి వాటికి పండోరా అని పేరు స్థిరపడింది. పెద్ద పండోరాకు దర్బారు దుస్తులు, చిన్న పండోరాకు ఇంట్లో కట్టుకునే బట్టలు. పారిస్ నుంచి లండన్‌కీ, వియన్నాకీ, ఇంకా దూరాలకీ పెట్టెల్లో ప్రయాణం చేసేవి. అక్కడి దర్జీలు వాటి కుట్లు విప్పి చూసి, కొలతలు తీసుకుని తమవాళ్లకు కుట్టేవాళ్లు. రెండు దేశాల మధ్య యుద్ధం నడుస్తున్నప్పుడు కూడా ఈ బొమ్మల పెట్టెను అడ్డుకోకుండా వదిలేసిన సందర్భాలున్నాయి. ఫ్రాన్స్ రాణి మేరీ ఆంటోనెట్‌కు బట్టలు కుట్టిన రోజ్ బెర్టాన్ ఇలాంటి బొమ్మల్నే దేశదేశాలకు పంపింది. ఫ్యాషన్ చిత్రాలు అచ్చేసిన పత్రికలు చవకగా దొరకడం మొదలయ్యాకే వీటి అవసరం తగ్గింది.

మరి ఆ పని చేసే మనిషికి సొంత పేరూ, అభిమానులూ ఎప్పుడు వచ్చారు? తెలిసినవాళ్లు అందుకోండి.

2. సూదీదారం

లక్కపిడతలు గారూ, నేను రాజమండ్రిలో కుట్టు నేర్పుతాను. పండోరాల కుట్లు విప్పి కొలతలు తీసుకునేవారన్న మాట చదవగానే ప్రాణం లేచొచ్చిందండి. ఏ ఊరి దర్జీ అయినా చేసే పనే అది.

మీ ప్రశ్నకు మొదటి మెట్టు నేను చెబుతాను. చార్లెస్ ఫ్రెడరిక్ వర్త్ అని ఒక ఇంగ్లీషాయన. 1840లలో పారిస్ చేరి గాజలాన్ అనే పేరున్న బట్టల కొట్లో పనికి కుదిరాడు. అదే కొట్లో మేరీ వెర్నే అనే అమ్మాయి శాలువాలు భుజాన వేసుకుని వచ్చినవాళ్లకు చూపించేది. శాలువా బాగా కనపడాలంటే కింద గౌను సాదాగా, కొలతకు సరిగ్గా ఉండాలని వర్త్ ఆమెకు గౌన్లు కుట్టాడు. కొనడానికొచ్చినవాళ్లు శాలువా వదిలేసి ఆ గౌను కావాలని అడగడం మొదలెట్టారు. 1851లో వాళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారు. 1858లో ర్యూ ద లా పె వీధిలో వర్త్ సొంత కొట్టు పెట్టాడు. బతికున్న మనిషి మీద బట్ట వేసి, నడిపించి అమ్మడం ఇలా ఒక పద్ధతైంది.

అయితే మేరీకి పేరొచ్చింది వర్త్ భార్యగానే. ఆ తర్వాత ఆ కొట్లో పనిచేసిన అమ్మాయిల పేర్లు ఎవరికీ పట్టలేదు. ఆ రోజుల్లో అది గౌరవమైన పని కాదు. పరువుగల ఇంటి ఆడపిల్ల డబ్బు కోసం నలుగురి ముందూ నడవడమేమిటనేవారు.

పేరు పెట్టింది లూసీల్. ఆవిడనే లేడీ డఫ్ గోర్డన్ అంటే టైటానిక్ కథ చదివినవాళ్లకు గుర్తుకొస్తుంది, ఆ ఓడ మునిగినప్పుడు బతికి బయటపడినవాళ్లలో ఒకరు. లండన్‌లో ఆవిడ బట్టల కొట్టు నడిపేది. చిన్న వేదిక కట్టించి, తెరలు, దీపాలు, సంగీతం పెట్టి తన దగ్గరి అమ్మాయిల్ని నడిపించింది. వాళ్లకి కొత్త పేర్లు పెట్టింది. వాళ్లలో డొలొరెస్ అనే పొడవాటి అమ్మాయి 1917లో న్యూయార్క్‌లో జీగ్‌ఫెల్డ్ ఫాలీస్ ప్రదర్శనల్లో చేరింది. ఆమె పాడేది కాదు, ఆడేది కాదు. మొహంలో చిరునవ్వు లేకుండా వేదిక మీద నడిచేది, జనం దానికే టిక్కెట్లు కొన్నారు. నా లెక్కలో పేరుపడ్డ మొదటి మోడల్ ఆమే.

3. సియాటిల్ చినుకు

మా రాష్ట్రంలోనే ఈ చర్చకు సాక్ష్యం ఉంది. వాషింగ్టన్ రాష్ట్రానికి దక్షిణాన, కొలంబియా నది పక్కన, ఎటు చూసినా ఎండుగడ్డి కొండలే ఉన్న చోట మేరీహిల్ అని ఒక మ్యూజియం. లోపల పారిస్ ఫ్యాషన్ బొమ్మలు!

వాటి కథ ఇదీ. 1944లో జర్మన్ల ఆక్రమణ నుంచి పారిస్ విడుదలైంది. బట్ట లేదు, తోలు లేదు, కరెంటు కూడా సరిగా లేదు. పారిస్ ఫ్యాషన్ పని అయిపోయిందని ప్రపంచం అనుకుంటోంది. అలా కాదని చూపించాలి, యుద్ధబాధితులకు విరాళాలూ పోగుచేయాలి. మనిషికి కుట్టడానికి గుడ్డ సరిపోదు. అందుకని మనిషిలో మూడోవంతు ఉండే బొమ్మలు, అంటే సుమారు 70 సెంటీమీటర్లవి, ఇనప తీగతో కట్టారు. తలలు ప్లాస్టర్‌వి. బలెన్సియాగా, స్కియాపరెల్లి, లాన్వాఁ, నీనా రిచ్చి వంటి పేరున్న దుకాణాలన్నీ తలా కొన్ని బొమ్మలకు కుట్టాయి. 200 పైచిలుకు బొమ్మలు. 1945 మార్చిలో పారిస్‌లో ప్రదర్శన పెడితే లక్ష మందికి పైగా వచ్చారు. తర్వాత లండన్, ఆ తర్వాత 1946లో న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కో. చివరికి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆగిపోయిన బొమ్మలు 1950ల మొదట్లో మేరీహిల్ చేరాయి.

దగ్గరికెళ్లి చూశాను. గుండీలకు నిజంగా కాజాలున్నాయి. చేతిసంచీ మూత తెరుచుకుంటుంది. బూటు మడమలు తోలుతో చేసినవి. మొహాలకు మాత్రం రంగు లేదు, తెల్లగా వదిలేశారు, ఒళ్లు వట్టి తీగ. మనిషి మోడల్ పుట్టి తొంభై ఏళ్లు అవుతున్నా, అవసరం పడితే పారిస్ మళ్లీ బొమ్మనే పంపింది. లక్కపిడతలు గారి మాటకు నా ఓటు.

4. పాతసామాను

బార్బీ గురించి ఎవరూ మొదలుపెట్టలేదు కాబట్టి నేనందుకుంటాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

కథ జర్మనీలో మొదలవుతుంది. 1952లో బిల్డ్ అనే పత్రిక మొదటి సంచిక తయారవుతున్నప్పుడు ఒక పేజీలో కాస్త ఖాళీ మిగిలింది. రైన్‌హార్డ్ బోయ్‌టిన్ అనే కార్టూనిస్టు అందులో ఒక కార్టూన్ గీశాడు. లిల్లీ. అందగత్తె, మాటకారి, ఉద్యోగం చేసుకునే పిల్ల. జనానికి నచ్చింది. 1955లో ఆమెనే బొమ్మగా చేశారు, కోబర్గ్ దగ్గరి నోయ్‌స్టాట్‌లో. మక్స్ వైస్‌బ్రోట్ అచ్చు చెక్కాడు. పెద్దది 30 సెంటీమీటర్లు. అది చిన్నపిల్లల బొమ్మ కాదు. పొగాకు కొట్లలో, బార్లలో మగవాళ్లు సరదాగా కొనేవారు. కానీ దానికి విడిగా గౌన్లు అమ్మారు, అసలు సంగతి అక్కడుంది.

1956లో మాటెల్ యజమానుల్లో ఒకరైన రూత్ హాండ్లర్ స్విట్జర్లండ్ లూసర్న్‌లో ఒక కొట్టు అద్దాల వెనక లిల్లీని చూసింది. అప్పటికే ఆమె మనసులో ఒక ఆలోచన ఉంది. కూతురు బార్బరా పసిపాప బొమ్మల్ని పక్కన పడేసి, కాగితం బొమ్మలకు కాగితం గౌన్లు తగిలించి, పెద్దవాళ్లలా మాట్లాడిస్తూ ఆడుకోవడం చూసింది. ఆ వయసు పిల్లలకు అప్పట్లో దొరికేవన్నీ ఉయ్యాల్లో వేసి ఊపే పాపాయిలే. పిల్లకి అమ్మ వేషం తప్ప మరో వేషం లేదు. లిల్లీని చూడగానే తను కంపెనీలోని మగవాళ్లకి మాటల్లో చెప్పలేకపోయినది ఆమె చేతిలోకొచ్చింది. వక్షోజాలున్న బొమ్మను ఏ తల్లీ కొనదని వాళ్లంతా అప్పటిదాకా కొట్టిపారేశారు.

లిల్లీని జాక్ ర్యాన్ అనే ఇంజినీర్ జపాన్ తీసుకెళ్లాడు. అమెరికాలో అంత సన్నని వేళ్లు అచ్చులో రాబట్టడం ఖర్చుతో కూడిన పని. కరిగిన వినైల్‌ను అచ్చులో పోసి తిప్పుతూ వేడిచేస్తే గోడలకు సమంగా పట్టుకుంటుంది, లోపల డొల్లగా వస్తుంది. ఆ పద్ధతిని అక్కడ సరిదిద్దుకోవడానికి చాలాకాలం పట్టింది. బట్టల రూపకర్త షార్లెట్ జాన్సన్ అక్కడే మకాం వేసి చిట్టి జిప్పులు, చిట్టి గుండీలు, సన్న పూల గుడ్డ ప్రత్యేకంగా నేయించింది. ఇళ్లలో ఆడవాళ్లు కూర్చుని కుట్టారు.

1959 మార్చి 9న న్యూయార్క్ బొమ్మల సంతలో బార్బీ బయటకొచ్చింది. నలుపు తెలుపు చారల ఈతదుస్తులు, పోనీటెయిల్, ఎత్తిన కనుబొమలు, ఓరచూపు. ఆ ఓరచూపు 1950ల పారిస్ మోడల్స్‌ది. ఎదురుగా చూసే బార్బీ 1971లో గాని రాలేదు. పెట్టె మీద ఏం రాశారో చూడండి: టీనేజ్ ఫ్యాషన్ మోడల్. బొమ్మకు ఉద్యోగం ముందే ఇచ్చేశారు.

ధర 3 డాలర్లు. గౌన్లు 1 నుంచి 5 డాలర్లు. సంతకొచ్చిన వ్యాపారులు పెద్దగా పట్టించుకోలేదు. కానీ మాటెల్ 1955లోనే తన మొత్తం విలువకు దగ్గరగా ఉన్న 5 లక్షల డాలర్లు పెట్టి, డిస్నీవాళ్ల మిక్కీ మౌస్ క్లబ్ కార్యక్రమంలో ఏడాది పొడుగునా ప్రకటనలు కొనుక్కుని, టీవీలో నేరుగా పిల్లలతోనే మాట్లాడటం నేర్చుకుంది. బార్బీని కూడా టీవీలో నిజమైన మోడల్‌లాగే చూపించారు. మొదటి ఏడాది 3 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి.

లిల్లీ సంగతేమైందంటారా? 1961లో లిల్లీ అమెరికా హక్కులు తీసుకున్న మార్క్స్ బొమ్మల కంపెనీతో కలిసి జర్మన్లు మాటెల్ మీద దావా వేశారు. 1963లో అది ముగిసింది. 1964లో మాటెల్ లిల్లీ హక్కులు కొనేసింది, ఆ బొమ్మ తయారీ ఆగిపోయింది. ఇది నాకు బాధగా ఉంటుంది. లిల్లీ ముఖంలో ఉన్న తెలివి బార్బీ ముఖంలో ఎప్పుడూ రాలేదు.

5. వరంగల్ వాకిలి

అందరు మంచిగ రాస్తున్నరు, ఒక్కో పోస్టు రెండుసార్లు చదివిన. కానీ ఒక మాట చెప్పాలె. నాకు ఇద్దరు ఆడపిల్లలు. ఫ్యాషన్ మోడల్‌ను బొమ్మ చేసి ఐదేండ్ల పిల్ల చేతిల పెడితే ఏమైతదో ఎవ్వరు అడగరేంది?

1963ల బార్బీకి ఒక సెట్ వచ్చింది. అందుల చిన్న పుస్తకం, పేరు బరువు తగ్గుడెట్ల. పుస్తకం వెనుక రాసిన సలహా ఒక్కటే: తినకు. 1965 సెట్‌ల మల్ల అదే పుస్తకం, దాంతోపాటు గులాబిరంగు బరువు తూచే మిషను. దాని ముల్లు 110 పౌండ్ల కాడ అతికిపెట్టిండ్రు, అంటే 50 కిలోలు. పిల్ల ఎట్ల జరిపినా కదలదు.

అంతకు మించి, పరిశోధన కూడ జరిగింది. 2006ల ఇంగ్లండ్‌ల ఐదు నుంచి ఎనిమిదేండ్ల ఆడపిల్లలు 162 మందికి చిత్రాలున్న కథ చూపిచ్చిండ్రు. కొందరికి బార్బీ బొమ్మలు, కొందరికి ఎమ్మే అనే బొమ్మ, కొందరికి బొమ్మలే లేని చిత్రాలు. ఎమ్మే అంటే లావుగ ఉన్న అమెరికా మోడల్, ఆమె పేరు మీద కూడ 2002ల బొమ్మ వచ్చింది. బార్బీని చూసిన చిన్నపిల్లలు తమ ఒంటి మీద అసంతృప్తి ఎక్కువ చూపిచ్చిండ్రు, సన్నగ కావాలన్నరు. జర్ర పెద్దపిల్లల్ల ఆ తేడా అంతగ కనిపియ్యలేదు. అంటే దెబ్బ తగిలేది ఆడుకునే వయసులనే.

ట్విగ్గీ 16 ఏండ్ల పిల్ల, ఆమె ఒళ్లే అసుంటిది, ఆమెను ఏమనను. కానీ దాన్ని కొలబద్ద చేసినోళ్లను అడగొద్దా?

6. సూదీదారం

అడగాలి అక్కా, తప్పకుండా అడగాలి. మీరు చెప్పిన పుస్తకం సంగతికి ఎవరూ జవాబు చెప్పలేరు. బార్బీ నడుం ఎందుకంత సన్నమో దానికి మాత్రం కుట్టుపనిలో ఒక కారణముంది. అది కూడా చెప్పకపోతే కథ సగమే.

బొమ్మ పదకొండున్నర అంగుళాలు, మనిషిలో ఆరోవంతు. మనిషిని ఆరోవంతు చేయొచ్చు, గుడ్డ మందాన్ని చేయలేం. జాకెట్టు లంగాలోకి దోపితే నడుం దగ్గర ఎన్ని పొరలు పడతాయో చూసుకోండి. జాకెట్టు ఒకటి, లంగా ఒకటి, పట్టీ మడత రెండు, లోపలి ఖర్చుగుడ్డ రెండు. ఆరు పొరలు. సన్న కాటన్ పావు మిల్లీమీటరు అనుకున్నా ఒకటిన్నర మిల్లీమీటర్లు. బొమ్మ ఒంటి మీద అది మనిషి ఒంటి మీద 9 మిల్లీమీటర్లతో సమానం. చుట్టూరా లెక్కేస్తే నడుం చుట్టుకొలతకు రెండంగుళాలకు పైగా కలిసిపోతుంది. అందుకని కట్టుకున్నాక మామూలుగా కనపడాలంటే కట్టుకోకముందు నడుం మరీ సన్నంగా ఉండాలి. రూత్ హాండ్లర్ కూడా ఇదే కారణం చెప్పింది.

కానీ ఇక్కడే నాకు మీ మాట నిజమనిపిస్తుంది. పిల్లలు బొమ్మను బట్టల్లోనే చూస్తారా? ఆడుకునే బొమ్మకు సగం సేపు బట్టలుండవు. కుట్టేవాళ్ల సౌకర్యం కోసం చెక్కిన ఒళ్లు పిల్ల కళ్లకు అసలు ఒళ్లుగా కనిపిస్తుంది. 2016లో మాటెల్ లావు, పొడవు, పొట్టి అని మూడు కొత్త ఒళ్లు తెచ్చాక పాత గౌన్లు లావు బొమ్మకు పట్టడం మానేశాయి. గౌన్ల వ్యాపారంలో అది చిన్న మార్పు కాదు. 1959 నుంచి 2016 దాకా ఆగారంటే ఒక కారణం అదేనని నా అభిప్రాయం.

7. రీళ్లపెట్టె

నేను ఫొటోలవాణ్ని. మోడల్‌కు పేరెలా వచ్చిందని లక్కపిడతలు గారు అడిగిన దానికి నా జవాబు: కెమెరా, చీటీ.

కెమెరా అందరికీ తెలిసిందే. 1923లో న్యూయార్క్‌లో జాన్ రాబర్ట్ పవర్స్ మొదటి మోడల్ ఏజెన్సీ తెరిచాడు, ఎందుకంటే పత్రికలకు గీసిన బొమ్మల బదులు ఫొటోలు కావాల్సొచ్చాయి. 1949లో టైమ్ పత్రిక లీసా ఫాన్సగ్రీవ్స్‌ను ముఖచిత్రంగా వేసింది. స్వీడన్‌లో పుట్టి పారిస్‌లో నృత్యం నేర్చిన మనిషి. ఆమె ఫొటోల్లో ఒళ్లు నిలబడే తీరు చూడండి, నర్తకి అని తెలిసిపోతుంది. ఒక మోడల్ టైమ్ అట్టమీదికి ఎక్కడం అప్పటికి కొత్త.

చీటీ సంగతి తక్కువమందికి తెలుసు. 1946లో ఐలీన్ ఫోర్డ్, ఆమె భర్త జెర్రీ కలిసి ఏజెన్సీ పెట్టారు. అప్పటిదాకా ఫొటోకు నిలబడ్డ అమ్మాయి డబ్బు కోసం నెలల తరబడి ప్రకటనల కంపెనీల చుట్టూ తిరిగేది. ఫోర్డ్ వాళ్లు పద్ధతి మార్చారు. పనైన చోట చీటీ మీద సంతకం పెట్టించుకుని వస్తే, కంపెనీ ఎప్పుడిచ్చినా సరే, ఏజెన్సీ వారం వారం తన డబ్బు ముందే చెల్లించేది. రేపటి తిండికి వెతుక్కోనక్కర్లేని మనిషే పనిని కాదనగలదు, రేటు పెంచగలదు. ఆ శక్తిలోంచే తారలు పుట్టారని నా గట్టి నమ్మకం.

ఆ తర్వాత 1965 అక్టోబరులో జీన్ ష్రింప్టన్ అనే ఇంగ్లీషు మోడల్ మెల్‌బోర్న్ గుర్రప్పందేలకు వెళ్లింది. ఆర్లాన్ అనే కృత్రిమ దారం అమ్మేవాళ్లు ఆమెను పిలిపించారు. ఇచ్చిన గుడ్డ సరిపోక గౌను మోకాలికి పైకి ఆగిపోయింది. టోపీ లేదు, గ్లవుజులు లేవు, మేజోళ్లు లేవు. మరునాడు గుర్రాల వార్త పోయి ఆమె వార్తయింది. మూడు నాలుగు నెలలకు ట్విగ్గీ వచ్చింది.

చివరి మెట్టు 1990. జనవరి నెల బ్రిటిష్ వోగ్ అట్టమీద పీటర్ లిండ్‌బర్గ్ తీసిన నలుపు తెలుపు ఫొటో: నవోమి క్యాంప్‌బెల్, లిండా ఎవాంజెలిస్టా, తత్యానా పాటిట్జ్, క్రిస్టీ టర్లింగ్‌టన్, సిండీ క్రాఫర్డ్. పేర్లన్నీ ఒక్క ఊపిరిలో చెప్పగలను, ఆ బట్టలు ఎవరు కుట్టారో అడిగితే మాత్రం పుస్తకం తియ్యాలి. వర్త్ దగ్గర అమ్మాయి పేరు ఎవరికీ తెలియదు, ఇక్కడ దర్జీ పేరు ఎవరికీ గుర్తులేదు.

8. లక్కపిడతలు

రీళ్లపెట్టె గారూ, చీటీ సంగతి నాకు కొత్త. ఇన్నాళ్లూ నేను ముఖాల వైపే చూస్తున్నాను, జీతం వైపు చూడలేదు.

ట్విగ్గీ బొమ్మ గురించి ఒక వివరం. దాని ముఖం ట్విగ్గీది కాదు! మాటెల్ దగ్గర అప్పటికే కేసీ అనే బొమ్మ తల అచ్చు ఉంది. దానికే పొట్టి బంగారు జుట్టు, కింది రెప్పల వెంట్రుకలు దిద్ది ట్విగ్గీ అని అమ్మారు. ఒళ్లు ఫ్రాన్సీది. ఫ్రాన్సీ అంటే 1966లో బార్బీకి చుట్టంగా తెచ్చిన బొమ్మ. బార్బీ కంటే చిన్నది, ఛాతీ తక్కువ. ఎందుకు తెచ్చారు? లండన్ పిల్లల పొట్టి గౌన్లు బార్బీ ఒంటికి అతకలేదు. చూశారా, బొమ్మ ఒళ్లు మార్చింది ఫ్యాషనే. ట్విగ్గీ బొమ్మకు పసుపు, ఆకుపచ్చ, నీలం చారల గౌను, పసుపు బూట్లు. అసలు మనిషి 1970లోనే మోడలింగ్ వదిలేసి సినిమాలు, నాటకాల వైపు వెళ్లిపోయింది. మనిషి పేరు, మరొకరి ముఖం, ఇంకొకరి ఒళ్లు. పేరుపడ్డ మనిషిలోంచి వ్యాపారికి కావాల్సిందేమిటో దీన్నిబట్టి తెలుస్తోంది.

9. వరంగల్ వాకిలి

సూదీదారం అక్కా, మీ లెక్క బాగుంది, నా పిల్లలకు గూడ చెప్పిన. ఇప్పుడు ఇంకొక్కటి. ఇప్పటిదాకా వచ్చిన పేర్లల్ల నవోమి తప్ప నల్లనోళ్లు ఎవ్వరు లేరు.

1966 మార్చిల బ్రిటిష్ వోగ్ అట్ట మీద డొనియేల్ లూనా వచ్చింది, ఫొటో డేవిడ్ బెయిలీది. ముఖం మీద చెయ్యి అడ్డం పెట్టి, వేళ్ల సందుల నుంచి ఒక్క కన్నే కనిపిస్తది. అమెరికా వోగ్ అట్ట మీదికి నల్లమనిషి రావడానికి 1974 ఆగస్టు దాకా పట్టింది, ఆమె బెవర్లీ జాన్సన్. బొమ్మలు గూడ అదే దారి. 1967ల మాటెల్ నల్ల ఫ్రాన్సీని తెచ్చింది, కానీ అచ్చు తెల్ల ఫ్రాన్సీదే, రంగు మార్చిండ్రు అంతే. 1968ల క్రిస్టీ వచ్చింది, బార్బీకి స్నేహితురాలు. బార్బీ అనే పేరుతోనే నల్లబొమ్మ రావడానికి 1980 కావాల్సొచ్చింది. పన్నెండేండ్లు స్నేహితురాలి లెక్కనే ఉండాల్సొచ్చింది.

అదే 1968ల లాస్‌ఏంజిలిస్‌ల షిండానా అనే కంపెనీ మొదలైంది. అక్కడి వాట్స్ పేటల జరిగిన అల్లర్ల తర్వాత ఆ పేట నల్లజాతివాళ్లే పెట్టుకున్నరు, మొదట్ల మాటెల్ గూడ సాయం చేసింది. వాళ్ల బేబీ నాన్సీ బొమ్మను చూడుండ్రి. ముక్కు, పెదవులు, జుట్టు నిజంగ నల్లపాపవే, రంగేసిన తెల్లపాప కాదు. నన్నడిగితే ఈ చర్చల అన్నిటికన్న గొప్ప బొమ్మ అది.

10. కొలువుమెట్లు

నేను ఎక్కువగా చదివి ఊరుకుంటాను, ఇవాళ రాయాలనిపించింది. దసరాకు మా ఇంట్లో బొమ్మల కొలువు పెడతాం. కొండపల్లివి ఎన్నో తరాలవి ఉన్నాయి. ఈ చర్చ చదివాక వాటిని మళ్లీ చూశాను. తెల్లపొణికి చెక్కతో చేసి, చింతగింజల పిండితో అతికి, రంగులు దిద్దిన బొమ్మలు. తాటిచెట్టు ఎక్కే మనిషి, పిండి దంచే ఆవిడ, పల్లకి మోసే బోయీలు. వాళ్ల బట్ట రంగుతో వేసిందే, ఒంటి నుంచి ఊడదు. పల్లకి బోయీకి ఇంకో వేషం కట్టలేం, అతను ఎప్పటికీ బోయీయే. బార్బీ పక్కన పెడితే ఒక్కసారిగా తేడా తెలిసింది. దానికి వేషం మార్చుకోవడమే జీవితం.

ఏది మంచిదని నేను చెప్పడం లేదు. మా మనవరాలు మాత్రం పల్లకిలో ఉన్న పెళ్లికూతుర్ని దింపి బార్బీని కూర్చోబెట్టింది.

11. కొత్తచెట్టు

నమస్కారం అందరికీ, ఈరోజే చేరాను. మా పెద్దమ్మ అమెరికా నుంచి ఎప్పుడో తెచ్చిన బార్బీ ఒకటి ట్రంకుపెట్టెలో దొరికింది. వీపు కింద 1966 అని, మలేషియా అని ఉంది. ట్విగ్గీ కాలం నాటిదే కదా? ఒక చెవి దగ్గర ఆకుపచ్చ మరక ఉంది, కాళ్లు జిగురుగా ఉన్నాయి. శుభ్రం చేయొచ్చా?

12. పాతసామాను

స్వాగతం కొత్తచెట్టు గారూ. 1966 అనేది ఆ ఒంటి అచ్చుకు హక్కు తీసుకున్న ఏడాది, బొమ్మ తయారైన ఏడాది కాదు. నడుం తిరిగే ఆ ఒంటిని అప్పుడు నమోదు చేశారు, అదే అంకెను 1990ల దాకా కొడుతూ వచ్చారు. మీకు ఆధారం దేశం పేరు. 1960ల బార్బీలు దాదాపు అన్నీ జపాన్‌వి. 1970ల మొదట్లో అక్కడ కూలి పెరిగి తయారీ హాంకాంగ్, తైవాన్, కొరియాలకు మళ్లింది. మలేషియా అంటే 1980లు, 90లు. తల మెల్లగా వంచి మెడ వెనక అంచు మీద చూడండి, ఇంకో ఏడాది ఉంటుంది. అక్కడ 1976 అని ఉంటే పళ్లు కనిపించేలా నవ్వే ముఖం ఉండాలి.

చెవి దగ్గరి ఆకుపచ్చ కమ్మల లోహం చిలుమే. లోహపు కాడలోని రాగి వినైల్‌లోకి దిగుతుంది. ముందు కమ్మలు తీసేయండి, అవి ఉన్నంతకాలం మరక పాకుతూనే ఉంటుంది. మొటిమలకు రాసే బెంజోయిల్ పెరాక్సైడ్ క్రీము ఆ చుక్క మీదే రాసి కొన్నాళ్లు ఉంచితే తగ్గుతుంది. పక్కకు పాకనివ్వొద్దు, చుట్టుపక్కల రంగు కూడా వెలిసిపోతుంది. నాకైతే మరకను ఆపి, ఉన్నదాన్ని అలాగే ఉంచడమే ఇష్టం.

కాళ్ల జిగురు వేరే విషయం. వినైల్ మెత్తగా ఉండటానికి కలిపిన నూనెలాంటి పదార్థం ఏళ్ల మీద బయటికి ఊరుతోంది. గోరువెచ్చని సబ్బునీళ్లతో తుడిచి, నీడలో ఆరబెట్టండి. ప్లాస్టిక్ సంచిలో కట్టొద్దు, రబ్బరు బ్యాండు వేయొద్దు. ఉతికిన తెల్ల నూలుగుడ్డలో చుట్టి, అటక మీద కాకుండా చల్లటి గదిలో పెట్టండి. మన కోస్తా ఎండల్లో అటక మీద పెడితే మళ్లీ ఊరుతుంది. అన్నట్టు, ఒంటి మీదున్న గౌను పారేయకండి. కుట్టు లోపల పేరు రాసిన తెల్ల పట్టీ ఉందేమో చూసి చెప్పండి, ఉంటే దాని ఫొటో పెట్టండి.

13. సూదీదారం

గౌను వెనక జిప్పా, టిచ్ బటన్లా, వెల్క్రోనా అది కూడా చూడండమ్మా. మొదటి బార్బీల గౌన్లకు జిప్పులు, బటన్లు ఉండేవి. తర్వాతి కాలంలో పిల్లల వేళ్లకు తేలికని, కుట్టుబడికి చవకని వెల్క్రో వచ్చింది. అంచు మడత చేత్తో వేసిందో మిషను మీద వేసిందో దగ్గరగా ఫొటో తీసి పెడితే, మిగతాది నేను చెబుతాను.